మీటర్‌లో టేపు కింద దాచిన ఎయిర్‌బ్యాగ్ లైటు, బావగారు అమ్మిన కారు

తెనాలి నుంచి ఒకతను పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి విషయం వరకే చెప్తాను. వయసు 31, ప్రైవేటు ఉద్యోగం, భార్యకి ఏడో నెల. హాస్పిటల్‌కి తిరగడానికి పనికొస్తుందని దసరాకి అక్కాబావల దగ్గర 2020 మోడల్ చిన్న కారు తీసుకున్నారు, వాళ్లుండేది విజయవాడ సింగ్‌నగర్. 4 లక్షల 20 వేలకి మాటయింది, 3 లక్షలు ఇచ్చేశారు, మిగతాది సంక్రాంతి దాటాక ఇస్తానన్నారు, ఆర్‌సీ ఈయన పేరు మీదకి మారిపోయింది.

ఈమధ్య స్టీరియో మార్పిద్దామని కార్ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే, అతను గేర్ రాడ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవర్ ఊడదీసి లోపల చూపించాడంట. ఎండిపోయిన ఒండ్రు, దాని మధ్యలో ఫ్లోరుకి బిగించిన చిన్న అల్యూమినియం పెట్టె, పెట్టెకి గుచ్చిన పసుపు కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము. "సార్ ఈ బండి నీళ్లల్లో ఉంది" అన్నాడు. తర్వాత మీటర్ విప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వచ్చే చోట వెనకనుంచి నల్ల టేపు అతికించి ఉంది, టేపు పీకి తాళం తిప్పితే లైటు వెలిగింది, ఇక ఆరలేదు. ఎలక్ట్రీషియనేమో టేపు వేసేస్తే సరిపోతుందంటాడు, కాదంటే తుక్కు బండ్లలోంచి తెచ్చిన పెట్టె 4,500కి పెడతానంటాడు. షోరూమ్‌లో కొత్తది 38 వేలు, వైరింగ్ చూశాక ఇంకా పెరగొచ్చు అన్నారు. ఈయన ప్రస్తుతానికి టేపు మళ్లీ వేయించుకుని ఇంటికొచ్చేశారు, ఆవిడ చూస్తే కంగారు పడుతుందని.

బావగారికి ఫోన్ చేసి "బావా ఎయిర్‌బ్యాగ్‌లో ఏమన్నా ప్రాబ్లమ్ ఉండేదా" అని అడిగితే "ఆ లైటు దానికదే వస్తుంది పోతుంది, ఏం కాదు, నేను ఏడాది నుంచి తిప్పలేదా" అన్నారంట. ఆ సాయంత్రమే అమ్మ ఫోన్ చేసి ముప్పై నలభై వేల కోసం అక్క కాపురంలో గొడవ పెట్టకురా అంది. ఇక ఈయన ప్రశ్నలు: అసలు ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందా చెయ్యదా, దారిలో దానంతటదే పేలి కడుపుతో ఉన్న మనిషికి తగిలితే ఏంటి పరిస్థితి, తుక్కు పెట్టె పెట్టించుకోవచ్చా, బావగారిని ఎలా అడగాలి, భార్యకి చెప్పాలా వద్దా.

మీ మొదటి ప్రశ్నకి ముందే తేల్చి చెప్తాను, ఎందుకంటే ఇవాళ సాయంత్రం కూడా ఆ బండి మీరు తీస్తారు కదా. లైటు ఆరకుండా వెలుగుతోందంటే మీ కారులో ఎయిర్‌బ్యాగులు లేవనుకునే నడపండి. కొన్ని బండ్లలో ఫాల్ట్ వచ్చిన ఒక్క లైను మాత్రమే ఆగిపోయి మిగతావి పనిచేస్తాయి, కొన్నిట్లో మొత్తం సిస్టమే పక్కకి తప్పుకుంటుంది, మీది ఏ రకమో స్కానర్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చదివే పరికరం) పెట్టేదాకా తెలీదు కాబట్టి పనిచేస్తుందేమో అన్న ఆశ మీద బతకొద్దు. ఇంకో మాట చాలామందికి తెలీదు, సీటు బెల్టుని యాక్సిడెంట్ అయిన క్షణంలో చటుక్కున వెనక్కి లాగి బిగించే ప్రీటెన్షనర్ కూడా చాలా బండ్లలో ఆ అల్యూమినియం పెట్టె చెప్తేనే పేలుతుంది, అంటే పెట్టె పోతే బ్యాగులతో పాటు బెల్టులో ఆ బిగింపు కూడా పోయినట్టే. బెల్టు మామూలు బెల్టుగా పనిచేస్తుంది, అదీ తక్కువేం కాదు, పెట్టుకోవడం మాత్రం మానొద్దు.

ఇప్పుడు ఆ పెట్టె ఏం చేస్తుందో కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే 4,500కీ 38 వేలకీ మధ్య మీరు నిర్ణయించుకోవాల్సింది దీన్ని బట్టే. దాన్ని ఎయిర్‌బ్యాగ్ ఈసీయూ అంటారు, మెకానిక్కులు ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ అని కూడా అంటారు. బండికి సరిగ్గా మధ్యలో, ఫ్లోరు రేకుకి గట్టిగా బోల్టులతో బిగించి ఉంటుంది. ఎందుకంటే దాని లోపలే బండి ఎంత గట్టిగా ఆగిందో కొలిచే సెన్సర్ ఉంటుంది, బోల్టు వదులైతే కొలత తప్పుతుంది. ముందు రేడియేటర్ దగ్గర కూడా చాలా బండ్లకి ఒకటో రెండో సెన్సర్లుంటాయి, గుద్దిన సంగతి వాటికి ముందు తెలుస్తుంది. ఈ సమాచారం అంతా చూసి ఇది గతుకా, డోరు గట్టిగా వేశారా, నిజంగా యాక్సిడెంటా అని పెట్టె తేల్చుకోవడానికి దొరికే టైము సుమారు 15 నుంచి 30 మిల్లీసెకన్లు. ఆ తర్వాత ఇంకో 30 మిల్లీసెకన్లలో బ్యాగ్ నిండిపోవాలి. మనిషి రెప్ప వేసి తెరవడానికి 100 మిల్లీసెకన్ల పైనే పడుతుంది, అంటే కథంతా మీరు రెప్ప వేసేలోపే ఐపోతుంది.

దీనికి కరెంటు ఎలా అందుతుందనేదే అసలు విషయం, మీ బండిలో చెడిపోయి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉన్నది కూడా ఆ దారిలోనే. మీరు తాళం ఆన్‌లోకి తిప్పగానే బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 12 వోల్టులు పెట్టెలోకి వస్తాయి. ఐతే పెట్టె ఆ 12 వోల్టులని నమ్ముకోదు. లోపల ఒక సర్క్యూటు దాన్ని పెంచుతుంది, డిజైన్‌ని బట్టి 25 వోల్టులకి అటూ ఇటూ, ఒక్కోదాంట్లో 30 పైన కూడా, ఆ వోల్టేజితో ఒక పెద్ద కెపాసిటర్‌ని నింపి పెట్టుకుంటుంది. కరెంటు పోయినా మేడ మీద ట్యాంకులో నీళ్లు ఉన్నంతసేపు కుళాయి వస్తుంది చూడండి, అలా. ఎందుకింత ఏర్పాటు అంటే, మన బండ్లలో బ్యాటరీ ఉండేది బానెట్ కింద, ఎదురుగా గుద్దుకుంటే మొదట నలిగేది ఆ భాగమే, వైరు తెగిపోవచ్చు, బ్యాటరీ పగిలిపోవచ్చు, ఎయిర్‌బ్యాగ్ అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. బ్యాటరీ లైను తెగిన తర్వాత కూడా పెట్టె సుమారు 150 మిల్లీసెకన్ల పాటు ఆలోచించగలగాలి, బ్యాగుల్ని పేల్చగలగాలి.

పేల్చడానికి కావాల్సింది నిజానికి చాలా తక్కువ. బ్యాగ్ వెనక గ్యాస్ పుట్టించే డబ్బాలో స్క్విబ్ అని చిన్న నిప్పురవ్వ భాగం ఉంటుంది, అందులో సన్నటి తీగ, దాని రెసిస్టెన్సు 2 ఓమ్‌ల దగ్గర్లో ఉంటుంది. దాంట్లోంచి 1.2 ఆంపియర్లు 2 మిల్లీసెకన్లు పంపితే చాలు అంటుకుంటుంది. లెక్కేస్తే 6 మిల్లీజౌళ్ల లోపు. 4,700 మైక్రోఫారడ్ కెపాసిటర్ 25 వోల్టుల దగ్గర దాచుకునేది దాదాపు ఒకటిన్నర జౌలు, అంటే వైర్లలో పోయేదీ ప్రాసెసర్ తినేదీ తీసేసినా చాలా మిగులుతుంది. కానీ ఈ లెక్కంతా ఎక్కడ పాడవుతుందంటే కనెక్టర్ దగ్గర. 2 ఓమ్‌ల తీగకి కరెంటు పంపే దారిలో పిన్ను మీద చిలుము పట్టి ఇంకో మూడు నాలుగు ఓమ్‌లు చేరితే, పెట్టె కొలిచే లెక్కే మారిపోతుంది, లైను బాలేదని ఫాల్ట్ పెట్టేస్తుంది. అందుకే మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను ఆపింది ఆ చిలుము మాటే.

కరెంటు అందకపోతే ఏమవుతుందో ప్రపంచానికి బాగా తెలిసొచ్చిన కేసు ఒకటుంది. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ కోబాల్ట్, అయాన్ లాంటి దాదాపు 26 లక్షల చిన్న కార్లని వెనక్కి పిలిచింది. వాటిలో ఎయిర్‌బ్యాగులకి ఏమీ కాలేదు, ఈసీయూ కూడా బానే ఉంది. లోపం తాళం స్విచ్‌లో. తాళం గుత్తి బరువుకో, మోకాలు తగిలో నడుస్తుండగానే స్విచ్ ఆన్ నుంచి ఒక మెట్టు వెనక్కి జారిపోయేది, ఇంజిన్ ఆగేది, స్టీరింగ్ బరువెక్కేది, ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్ బండి ఆపేశారనుకుని తనూ ఆగిపోయేది. బండి వెళ్లి గుద్దుకుంటే బ్యాగులు తెరుచుకోలేదు. చివరికి ఆ లోపం వల్ల 124 మంది చనిపోయారని కంపెనీ పెట్టిన పరిహార నిధే ఒప్పుకుంది. మీ బండిలో ఆ లోపం ఉందని కాదు నేను చెప్పేది. బ్యాగ్ కొత్తగా ఉన్నా, స్టీరింగ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్నా, పెట్టెకి కరెంటు సరిగ్గా అందకపోతే అది ఉత్త గుడ్డ సంచి, ఇది మనసులో పెట్టుకోండని.

మరి లోపల ఏదైనా తేడా వస్తే మనకి తెలియడం ఎలా, దానికే ఆ లైటు. తాళం తిప్పగానే ఎర్రగా వెలిగి సుమారు ఆరేడు సెకన్లు ఉండి ఆరిపోతుంది, ఆ కొన్ని సెకన్లలో పెట్టె చాలా పని చేస్తుంది. ఒక్కో స్క్విబ్ లైనులోకి అది పేలనంత చిన్న కరెంటు పంపి రెసిస్టెన్స్ కొలుస్తుంది, వైరు బాడీకి తగులుతోందా, బ్యాటరీ లైనుకి తగులుతోందా చూస్తుంది, కెపాసిటర్ నిండిందా లేదా చూస్తుంది, సెన్సర్ లోపల ఉండే సూక్ష్మమైన దిమ్మని కరెంటుతో కొంచెం కదిలించి అది సరిగ్గా కదిలిందా అని కూడా చూస్తుంది. అన్నీ బాగుంటేనే లైటు ఆర్పుతుంది, బండి నడుస్తున్నంతసేపూ చూస్తూనే ఉంటుంది. ఫాల్ట్ పడితే దానికి మనతో మాట్లాడే దారి ఆ ఒక్క లైటే, హారన్ కొట్టదు, ఇంజిన్ ఆపదు. అందుకే ఆ టేపు వేసిన మనిషి, ఎవరో మనకి తెలీదు, ఏదో చిన్న సర్దుబాటు చేశాననుకుని ఉంటాడు గానీ, చేసింది మాత్రం బండిలో ఉన్న ఒక్క హెచ్చరికనీ తీసేయడం. ఇప్పుడు మీరు మళ్లీ అదే వేయించుకున్నారు, ఎందుకో అర్థమవుతోంది, కానీ ముందు అది తీయించండి. డబ్బులు ఖర్చు కాని పని ఇది ఒక్కటే.

ఇది చదివే మిగతావాళ్లు కూడా సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు ఆ లైటు చూడండి. తాళం తిప్పగానే వెలగాలి, కొన్ని సెకన్లకి ఆరాలి. అసలు వెలగకపోతే అది మంచి బండి అని కాదు, ఎవరో దాచి ఉండొచ్చని. ఇంజిన్ లైటుతో పాటే ఆరిపోతే అదీ అనుమానించాల్సిందే, ఒక లైటు వైరుని ఇంకో లైటుకి కలిపేసే పని కూడా జరుగుతుంది. ఇంకా ఘోరమేంటంటే పేలిపోయిన బ్యాగ్ స్థానంలో చిన్న రెసిస్టర్ పెట్టి పెట్టెని నమ్మిస్తారు, అప్పుడు లైటు కూడా పద్ధతిగా వెలిగి ఆరుతుంది, కవర్ వెనక బ్యాగే ఉండదు. అది స్టీరింగ్ విప్పితే తప్ప తెలీదు. మీ బండికి అలా జరిగినట్టు ఏ సూచనా లేదు, వరదలో బ్యాగులు పేలవు కాబట్టి.

వరద సంగతికొద్దాం. 2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది, ఇంటి ముందు బండ్లు అలాగే మునిగి ఉండిపోయాయి, మీ బావగారి బండి వాటిలో ఒకటి అని దాదాపు ఖాయమే అనుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ పెట్టె మనుషులు కూర్చునే చోట ఉంటుంది కాబట్టి చాలా బండ్లలో బానెట్ కింద ఉండే పెట్టెల్లాగా దానికి నీళ్లు పోకుండా పక్కా సీలింగ్ చెయ్యరు. పైగా అది ఫ్లోరు మీద, బండిలో నీళ్లు ముందు నిలిచేది అక్కడే. బ్యాటరీ తియ్యకుండా మునిగితే ఇంకా చెడ్డది, పిన్నుల మధ్య నీళ్లలోంచి కరెంటు పాకి రాగి తినేస్తుంది, ఆ పచ్చ చిలుము దాన్నుంచి వచ్చేదే. ఎండబెడితే నీళ్లు పోతాయి, చిలుము ఆగదు, నెలలు పోయేకొద్దీ పాకుతుంది. "ఏడాది తిప్పాను ఏం కాలేదు" అన్న మాటకి అందుకే విలువ తక్కువ, బండి నడవడానికి ఆ పెట్టెతో పని లేదు, గుద్దుకున్న రోజున తప్ప దాంతో అవసరం పడదు.

నీళ్లు సీట్ల దాకా వచ్చి ఉంటే ఇంకో రెండు చోట్లు చూడాలి. సీట్ల కింద ఉండే పసుపు కనెక్టర్లు ఒకటి, ఇవి వరద లేకపోయినా వదులై లైటు తెప్పిస్తాయి, ఎన్నో బండ్లలో అసలు జబ్బు ఇంతే. రెండోది డోరు పక్క స్తంభం అడుగున ఉండే బెల్టు చుట్ట, అంటే ప్రీటెన్షనర్ ఉండే చోటు. అది ఫ్లోరుకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. స్టీరింగ్‌లో ఉండే బ్యాగ్, దాని వెనక చుట్ట వైరు ఎత్తులో ఉంటాయి కాబట్టి తడవకపోయి ఉండొచ్చు, హారన్ సరిగ్గా మోగుతోందంటే ఆ చుట్ట వైరు తెగలేదనడానికి అదో మంచి గుర్తు, హారన్ వైరూ బ్యాగ్ వైరూ దాంట్లోంచే వస్తాయి.

రెండో భయం, దానంతటదే పేలడం. ఇది మీ నిద్ర పాడుచేస్తోందని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. పేలడానికి ప్రాసెసర్ ఒక్కటి అవునంటే చాలదు, పక్కనే విడిగా ఇంకో సెన్సరో చిప్పో కూడా అవును గుద్దుకుంది అనాలి, ఆ తర్వాత స్క్విబ్‌కి అటొక స్విచ్ ఇటొక స్విచ్ రెండూ కలవాలి. కనెక్టర్ ఊడినా పేలకుండా లోపల చిన్న రేకు రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది. ఇన్ని దాటుకుని ఊరికే పేలడం చాలా అరుదు, నీళ్లు తగిలిన పెట్టె పేలడం కంటే నోరు మూసుకోవడమే ఎక్కువ. అసలు జరగదా అంటే అలా చెప్పను. 2015 జనవరిలో అమెరికాలో 21 లక్షల పాత కార్లని సరిగ్గా ఈ కారణానికే వెనక్కి పిలిచారు, ఈసీయూ లోపల చిప్పు కరెంటు లైనులో వచ్చే ఒడిదుడుకులకి తట్టుకోలేక కొన్ని బ్యాగులు ఊరికే తెరుచుకున్నాయి. చిలుము పట్టిన బోర్డుని ఇలాగే నెలల తరబడి కరెంటులో ఉంచడం నాకు నచ్చకపోవడానికి అదొక కారణం. కంగారు పడాల్సినంత లేదు, వాయిదా వెయ్యాల్సిన పని మాత్రం కాదు.

ఇక మీ ముందున్న దార్లు. ఏది ఎంచుకున్నా మొదటి మెట్టు ఒకటే, ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్ చదవగల స్కానర్‌తో కోడ్‌లు, అంటే పెట్టె రాసుకున్న ఫాల్ట్ నంబర్లు, చదివించండి. ఆన్‌లైన్‌లో దొరికే చౌక బ్లూటూత్ పరికరాలు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, అది సరిపోదు. కోడ్‌లు చెరపకముందే స్క్రీన్ ఫోటో తీసుకోండి. దాన్నిబట్టి లోపం పెట్టెలోనా, సీటు కింద వైరులోనా, కరెంటు సప్లైలోనా తెలుస్తుంది, 38 వేలు నిజంగా అవసరమా కాదా కూడా అప్పుడే తెలుస్తుంది. షోరూమ్‌వాళ్లు మీకు కోడ్ చూపించకుండా ఎస్టిమేట్ ఇస్తే ఏ కోడ్ వచ్చిందని అడగండి, అడిగే హక్కు మీకుంది. పనిలో పనిగా ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ ఏమన్నా ఉందేమో చూడండి. 2023 జనవరిలో మారుతి సుజుకి 17,362 బండ్లని ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ అనుమానంతోనే పిలిచి ఉచితంగా మార్చింది, అవి 2022 డిసెంబర్, 2023 జనవరిలో తయారైనవి కాబట్టి మీ 2020 బండికి వర్తించదు, చూసుకోవడం మాత్రం రెండు నిమిషాల పని. నీళ్లు దూరిన పెట్టెకి వారంటీ మీద ఆశ పెట్టుకోకండి.

కొత్త పెట్టె, చిలుము పట్టిన కనెక్టర్లు, అవసరమైతే బెల్టు చుట్టలు, అన్నీ కంపెనీ సెంటర్లో మార్పించడం నా దృష్టిలో సరైన దారి, ఖర్చు మాత్రం ఎక్కువ. ఇక్కడ ఒక్క జాగ్రత్త, కనెక్టర్ మార్చకుండా కొత్త పెట్టె ఒక్కటే పెడితే కొన్నాళ్లకి అదే లైటు మళ్లీ వస్తుంది, డబ్బు పోయి లైటు మిగులుతుంది. కొత్తది పెట్టాక మీ మోడల్, వేరియంట్‌కి తగ్గట్టు కోడింగ్, అంటే ఆ బండి సెట్టింగులు పెట్టెలోకి ఎక్కించడం, కూడా చెయ్యాలి.

తుక్కు పెట్టె 4,500కి రావడం సంతోషంగానే అనిపిస్తుంది, కానీ ఆలోచించండి. ఆ పెట్టె ఏ బండిలోంచి వచ్చింది, ఎందుకు ఆ బండి తుక్కయింది. యాక్సిడెంట్ బండైతే పెట్టెలో ఆ యాక్సిడెంట్ డేటా రాసుకుపోయి ఉంటుంది, లాక్ అయి ఉంటుంది, దాన్ని చెరిపి అమ్ముతారు. వరద బండైతే మీరు ఒక తడిసిన పెట్టె తీసి ఇంకో తడిసిన పెట్టె పెట్టుకున్నట్టు. పార్ట్ నంబరు ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే బాడీకి, వేరే బ్యాగుల సంఖ్యకి సెట్ చేసింది కావచ్చు, ఏది గతుకు ఏది గుద్దుకోవడం అన్న లెక్క ఒక్కో బండికి ఒక్కోలా పెడతారు. లైటు ఆరిపోతుంది, మీ మనసు కుదుటపడుతుంది, లోపల లెక్క వేరే బండిది. బోర్డు కడిగి బాగుచేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల చేతిపని మీద నాకు గౌరవమే, టీవీ బోర్డో ఇన్వర్టర్ బోర్డో ఐతే నేనే పంపిస్తాను. ఇది బాగైందో లేదో పరీక్షించాలంటే బండి గోడకి గుద్దాలి, అందుకే ఇక్కడ వద్దంటున్నాను.

ఇప్పుడే డబ్బు సర్దలేకపోతే కొన్ని నెలలు ఎయిర్‌బ్యాగ్ లేని బండిగా నడుపుకోవచ్చు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో తప్పనిసరి అయ్యిందే 2019 జులై నుంచి, ముందు ప్యాసింజర్‌ది మోడల్‌ని బట్టి 2021 ఏప్రిల్ తర్వాత, అంతకుముందు చాలామంది అవి లేకుండానే నడిపారు. ఇది మంచి దారని అనను, కళ్లు తెరుచుకుని చేసేదైతే మీ ఇష్టం. లైటు కనపడాలి, హైవే మీద వేగం తగ్గాలి, ప్రతి ఒక్కళ్లూ వెనక సీటులో కూడా బెల్టు పెట్టుకోవాలి. రేపు బండి అమ్మితే కొనేవాళ్లకి విషయం చెప్పాలి. బండి తిరిగి ఇచ్చేయడం ఇంకో దారి, దాని ఖర్చు డబ్బులో కాదు అక్క ఇంట్లో పడుతుంది, అది మీకే బాగా తెలుసు.

ఒక్కటి మాత్రం ఇంట్లో చెయ్యొద్దు. యూట్యూబ్ చూసి మీరుగానీ, మీ ఎలక్ట్రీషియన్‌గానీ పసుపు వైర్ల మీద టెస్టర్ బల్బు పెట్టొద్దు, ఆ బల్బు లాగే కరెంటే బ్యాగ్‌ని పేల్చగలదు. మామూలు మల్టీమీటర్‌తో స్క్విబ్ ఓమ్‌లు కొలవడం కూడా కంపెనీలు వద్దనేది అందుకే. పెట్టె విప్పేముందు తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ తీసి ఆగాలి, ఎంతసేపన్నది కంపెనీని బట్టి మారుతుంది, కొన్ని 90 సెకన్లు అంటాయి, కొన్ని మూడు నిమిషాలు, ఇంకా ఎక్కువ చెప్పేవీ ఉన్నాయి. బ్యాటరీ తీసినా కెపాసిటర్లో ఇంకా ఉంటుంది కాబట్టే ఆ ఆగడం. స్టీరియో పెట్టేటప్పుడు మీవాడు ఆగాడా అని అడగండి, ఆగకపోతే ఇంకోసారి అతని చేతికి ఆ కవర్ విప్పే పని ఇవ్వొద్దు.

ఇప్పుడు బావగారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఫోన్లో మీరు లైటు మాట ఎత్తలేదు, ఎయిర్‌బ్యాగ్ అని మాత్రమే అడిగారు, లైటు మాట ఆయనే తెచ్చారు. కాబట్టి ఆ లైటు ఆయన చూశారు. అంతవరకే మనకి తెలిసింది. టేపు ఆయన వేయించారని తెలీదు. వరద తర్వాత విజయవాడలో మెకానిక్కుల దగ్గర బండ్లు వరసలు కట్టిన రోజుల్లో, లైటు ఆపి ఇవ్వండని ఒక మాటంటే ఎవరో టేపు వేసి ఇచ్చి ఉండొచ్చు, ఆయన నిజంగానే బాగైందనుకుని ఉండొచ్చు. బండి మునిగిందన్న సంగతి మాత్రం ఆయన మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. ఈ రెండూ కలిపేసి "నన్ను మోసం చేశావు" అని మొదలుపెడితే ఆయన టేపు దగ్గర పట్టుకుని నేను వెయ్యలేదని గట్టిగా నిలబడతారు, వరద మాట పక్కకి పోతుంది.

నన్నడిగితే ఫోన్లో వద్దు, అక్క ముందు వద్దు, ఆయన్నే ఒక్కర్ని కలిసి కాగితాలు అడగండి. "బావా, వరదప్పుడు బండి ఎక్కడ బాగు చేయించారు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేశారా, ఆ బిల్లు ఉంటే ఇవ్వు, రిపేరుకి పనికొస్తుంది". ఇందులో నిందేమీ లేదు, అబద్ధమూ లేదు, ఏం మార్చారో తెలిస్తే రిపేరు సులువవుతుంది నిజంగానే. బిల్లు ఉంటే అందులో ఎయిర్‌బ్యాగ్ పెట్టె మార్చినట్టు ఉందో లేదో తెలిసిపోతుంది. క్లెయిమ్‌లో పెట్టె డబ్బు తీసుకుని మార్చకుండా వదిలేసింది రిపేరు షాపే ఐతే, మీ ఇద్దరి కోపం ఒకే వైపు తిరుగుతుంది. బిల్లు లేదంటే కోడ్ ఫోటో, చిలుము ఫోటో, ఎస్టిమేట్ ముందు పెట్టి మిగిలిన లక్షా ఇరవైలోంచి రిపేరు ఖర్చు ఎలా సర్దుకుందామని అడగండి. సగం సగం అంటే ఒప్పుకోవచ్చు, అది మీ సంబంధం బట్టి. మీరే చెప్పకుండా కోసేసుకుని పంపడం మాత్రం వద్దు, అప్పుడు తప్పు మీదై కూర్చుంటుంది, సంక్రాంతికి అందరూ కలిసేచోట ఆ మాటే నడుస్తుంది. ఆయన పూర్తిగా కాదంటే, ఖర్చు మీరే పెట్టుకుని ఊరుకోవడం కూడా ఒక దారే. అమ్మ మాటలో న్యాయం ఉంది. కానీ అమ్మ అడిగింది గొడవ పెట్టొద్దని, బండి బాగు చేయించొద్దని కాదు, ఆమెకి కూడా అలాగే చెప్పండి, ఒప్పుకుంటుంది.

మీ ఆవిడకి ఇవాళే చెప్పండి. ఆ బండిలో ఎక్కడ కూర్చోవాలో తెలుసుకోవాల్సింది ఆమె. బాగయ్యేదాకా వెనక సీటులో కూర్చోమనండి, బెల్టు నడుము పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తొడల మొదట్లో తుంటి ఎముకల మీద పడాలి, పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కగా దిగాలి. బాగయ్యాక ముందు కూర్చుంటే సీటు వెనక్కి జరుపుకోవాలి, నడిపితే స్టీరింగ్‌కీ గుండెకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. బాబో పాపో పుట్టాక ఇంకోటి గుర్తుపెట్టుకోండి, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటుని పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు, బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా ఆ సీటు వీపు మీద కొడుతుంది, బిడ్డ తల ఉండేది అక్కడే. వెనక సీటులోనే బిగించండి. కోడ్‌లు చదివించాక ఫోటో పంపండి, ఏది ముందు మార్పించాలో చూసి చెప్తాను.